క్లినికల్ ట్రయల్‌లో చేరమని అడిగినప్పుడు: సంతకానికి ముందూ, ఆ తర్వాతా చేయవలసిన పనులు

హైదరాబాద్‌లో ఒక పెద్దాసుపత్రి క్యాన్సర్ ఓపీ బయట బెంచీ మీద కూర్చున్న ఒక కుటుంబం నాకు తరచూ గుర్తొస్తూ ఉంటుంది. నల్లగొండ వైపు నుంచి తెల్లవారుజామునే బస్సెక్కి వచ్చిన పెద్దాయన చేతిలో 24 పేజీల కాగితాల కట్ట ఉంది. పక్కనున్న కొడుకు మొదటి పేజీని రెండుసార్లు చదివి, మూడో పేజీలో ఆగిపోయాడు. “డాక్టరు గారే ఇచ్చారు కదరా, సంతకం పెట్టేద్దాం, ఆలస్యమైతే బస్సు పోతుంది” అని తండ్రి తొందరపెడుతున్నాడు. వాళ్ల చేతిలో ఉన్నది ఒక కొత్త మందు మీద జరుగుతున్న క్లినికల్ ట్రయల్‌కు సంబంధించిన సమాచార పత్రం, దాని చివర సమ్మతి పత్రం. ఆ కాగితాలను ఇంటికి తీసుకువెళ్లి, నాలుగు రోజులు చదువుకుని, ఎవరినైనా అడిగి, ఆ తర్వాత వచ్చి అవుననో కాదనో చెప్పవచ్చునని వాళ్లకు తెలియదు.

నేను డాక్టరును కాను. ఒక ఆసుపత్రి ఎథిక్స్ కమిటీలో, అంటే రోగుల హక్కులు, క్షేమం చూసి ట్రయల్స్‌కు అనుమతి ఇవ్వాలో వద్దో తేల్చే కమిటీలో, సామాన్య సభ్యుడిగా కొన్నేళ్లు పనిచేశాను. ట్రయల్ నిర్వాహకులు తయారుచేసిన తెలుగు పత్రాలను చదివి, మామూలు మనిషికి అవి అర్థమవుతాయో లేదో చెప్పడం అక్కడ నా పని. ట్రయల్స్ వద్దని చెప్పడానికి ఈ వ్యాసం రాయడం లేదు. ఈ రోజు మనం మింగే ప్రతి మంచి మాత్ర వెనుకా ఎవరో ఒక రోగి ఇచ్చిన సమ్మతి ఉంది. అయితే ఆ సమ్మతి తెలిసి ఇచ్చినదై ఉండాలి. అందుకు రోగి, కుటుంబం వరుసగా ఏమేం చేయాలో ఇక్కడ వివరిస్తున్నాను.

మొదటి మెట్టు: మిమ్మల్ని అడుగుతున్నది ఏమిటో తెలుసుకోండి

మామూలు వైద్యంలో డాక్టరు గారు మీ ఒక్కరినీ చూసి, మీకు ఏది మంచిదో అది రాస్తారు. ట్రయల్‌లో మాత్రం ముందే రాసిపెట్టుకున్న ఒక ప్రణాళిక ఉంటుంది, దాన్ని ప్రోటోకాల్ అంటారు. ఎవరికి ఏ మందు, ఎంత మోతాదు, ఏ రోజు రక్త పరీక్ష, ఏ వారం స్కాన్ అన్నవి ఆ ప్రణాళిక ప్రకారమే జరుగుతాయి. ‘ఈ మందు ఇంతకుముందున్న దానికంటే మెరుగ్గా పనిచేస్తుందా’ వంటి ఒక ప్రశ్నకు నమ్మదగిన సమాధానం రాబట్టడమే దాని ఉద్దేశం. మీకు మేలు జరగవచ్చు, జరగకపోనూ వచ్చు. ట్రయల్‌లో ఇచ్చేది ‘అమెరికా నుంచి వచ్చిన మరింత మంచి మందు’ అని ఎవరైనా అంటే ఆ మాటను అంగీకరించకండి, ఎందుకంటే అది మంచిదని అప్పటికే తేలిపోయి ఉంటే ట్రయల్ అవసరమే ఉండదు.

ఇలా పోల్చి చూడకపోతే ఏమవుతుందో కరోనా కాలంలో మనమందరం చూశాం. కోలుకున్నవారి ప్లాస్మా కోసం 2020లో మన నగరాల్లో జనం వాట్సాప్ గ్రూపులన్నీ గాలించారు, దాతల కోసం అర్ధరాత్రి ఫోన్లు చేశారు. అదే సమయంలో భారత వైద్య పరిశోధన మండలి దేశంలోని 39 ఆసుపత్రుల్లో 464 మంది రోగులతో ట్రయల్ జరిపి, ఒక మోస్తరు తీవ్రత ఉన్న రోగుల్లో వ్యాధి ముదరడాన్ని గానీ మరణాలను గానీ ప్లాస్మా తగ్గించలేదని చూపించింది. ఇందుకు భిన్నంగా, ఎంతో చవకైన డెక్సామెథసోన్ అనే పాత స్టెరాయిడ్ మందు వెంటిలేటర్ మీద ఉన్న రోగుల్లో మరణాలను మూడో వంతు మేర తగ్గిస్తుందని బ్రిటన్‌లో జరిగిన రికవరీ ట్రయల్ అదే ఏడాది జూన్‌లో తేల్చింది. ఏది పనిచేస్తుందో, ఏది పనిచేయదో ఊహతో చెప్పడం ఎంత అనుభవమున్న వైద్యుడికైనా సాధ్యం కాదు.

మన దేశంలోనే ఇంతకంటే పాత ఉదాహరణ ఒకటుంది, నాకు అది చాలా ఇష్టం. క్షయ రోగిని శానిటోరియంలో నెలల తరబడి ఉంచి, మంచి తిండి పెట్టి, విశ్రాంతినిస్తేనే నయమవుతుందని 1950ల దాకా లోకమంతా నమ్మేది. మద్రాసులోని క్షయ పరిశోధన కేంద్రం రోగులను రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు శానిటోరియంలో, రెండో జట్టుకు వాళ్ల ఇరుకిళ్లలోనే అవే మందులు ఇచ్చి చూసింది. ఇంట్లో మందులు వాడినవారు కూడా దాదాపు అంతే బాగా కోలుకున్నారని 1959లో ఫలితాలు వెలువడ్డాయి. ఈ రోజు మన ఊరి ఆరోగ్య కేంద్రం నుంచి మందులు తెచ్చుకుని ఇంటి దగ్గరే టీబీ నయం చేసుకోగలుగుతున్నామంటే, ఆనాటి ట్రయల్‌లో చేరిన పేద రోగుల పాత్ర అందులో పెద్దది.

తర్వాత, అది ఏ దశ ట్రయలో అడగండి. మొదటి దశలో కొద్దిమందికి ఇచ్చి మోతాదు ఎంతవరకు సురక్షితమో చూస్తారు. సాధారణంగా ఇందులో ఆరోగ్యవంతులు పాల్గొంటారు, క్యాన్సర్ వంటి వ్యాధుల్లో మాత్రం రోగులే ఉంటారు. రెండో దశలో ఆ జబ్బు మీద మందు పనిచేస్తున్న జాడ ఉందో లేదో చూస్తారు. మూడో దశలో వందల, వేల మందిని రెండు జట్లుగా విడదీసి పోలుస్తారు. కోవాక్సిన్ విషయమే తీసుకుంటే, హైదరాబాద్ నిమ్స్ కూడా పాలుపంచుకున్న మొదటి దశలో 375 మంది, మూడో దశలో సుమారు 25,800 మంది వాలంటీర్లు చేరారు. మందు అమ్మకానికి వచ్చిన తర్వాత గమనించేది నాలుగో దశ. మొదటి దశ ట్రయల్‌లో చేరే క్యాన్సర్ రోగి తనకు మేలు కలిగే అవకాశం తక్కువనీ, ముఖ్యంగా తన తర్వాతి రోగులకే అది ఉపయోగపడుతుందనీ తెలిసి చేరాలి. చాలామంది ఇక్కడే పొరబడతారు.

రెండో మెట్టు: ట్రయల్ అసలుదేనా అని చూడండి

దీనికి పది నిమిషాలు చాలు. భారతదేశంలో జరిగే ప్రతి క్లినికల్ ట్రయల్ మొదటి రోగిని చేర్చుకోకముందే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఆఫ్ ఇండియాలో నమోదు కావాలి. 2007లో మొదలైన ఈ రిజిస్ట్రీలో 2009 జూన్ 15 నుంచి నమోదు తప్పనిసరి అయింది. సీటీఆర్ఐ అన్న అక్షరాల తర్వాత సంవత్సరం, నెల, ఆరంకెల సంఖ్య ఉండే నమోదు నంబరును ఆసుపత్రిలో ట్రయల్ పనులు చూసే కో-ఆర్డినేటర్ గారిని అడిగి తీసుకుని, సీటీఆర్ఐ డాట్ ఎన్ఐసీ డాట్ ఇన్ వెబ్‌సైటులో వెతకండి. అక్కడి వివరాలు ఇంగ్లీషులో ఉంటాయి కనుక డిగ్రీ చదివిన పిల్లల చేత చదివించుకోండి.

ఆ పేజీలో చూడవలసినవి కొన్నే ఉన్నాయి. ట్రయల్ జరుగుతున్న చోట్ల జాబితాలో మీ ఆసుపత్రి పేరు, మీతో మాట్లాడిన డాక్టరు గారి పేరు ఉండాలి. ఆ ఆసుపత్రికి చెందిన ఎథిక్స్ కమిటీ అనుమతి ‘అప్రూవ్డ్’ అని కనిపించాలి. కొత్త మందు అయితే, దేశంలో మందులకు అనుమతినిచ్చే అధికారి అయిన డ్రగ్స్ కంట్రోలర్ జనరల్ అనుమతి కూడా ఉండాలి. ఇప్పటికే అనుమతి ఉన్న మందును ఒక వైద్య సంస్థ కొత్త అవసరానికి పరీక్షిస్తూ, ఫలితాలను అమ్మకపు అనుమతి కోసం వాడుకోని పక్షంలో, అటువంటి అకడమిక్ ట్రయల్‌కు ఎథిక్స్ కమిటీ అనుమతే ఆధారం. కాబట్టి కంట్రోలర్ అనుమతి ఎదురుగా ‘వర్తించదు’ అని ఉన్నంత మాత్రాన కంగారు పడనక్కరలేదు, ఎందుకు వర్తించదో అడిగితే చాలు. ఇటువంటి ట్రయల్స్‌ను తక్కువ చేసి చూడకూడదు. తల, మెడ క్యాన్సర్ రోగులకు నివోలుమాబ్ అనే ఖరీదైన ఇంజెక్షన్‌ను మామూలు మోతాదుకు బదులు మూడు వారాలకు ఒకసారి 20 మిల్లీగ్రాములే ఇచ్చి చూసిన టాటా మెమోరియల్ వైద్యుల ట్రయల్‌లో, కీమో మాత్రలు మాత్రమే అందినవారిలో 16.3 శాతం మంది ఏడాది తర్వాత బతికి ఉంటే, వాటితో పాటు ఈ ఇంజెక్షన్ కూడా అందినవారిలో 43.4 శాతం మంది బతికి ఉన్నారు. లక్షలు పోయలేని కుటుంబాలకు పనికొచ్చే ఇటువంటి ప్రశ్నను ముందుకు తెచ్చింది మన వైద్యులే.

అమెరికాలో ఉన్న పిల్లలు అక్కడి క్లినికల్‌ట్రయల్స్ డాట్ గవ్ వెబ్‌సైటులో ఏదో ట్రయల్ చూసి “నాన్నా, మీకు సరిపోతుంది” అని లింకు పంపడం ఇప్పుడు మామూలైంది. ఆ ట్రయల్‌కు భారతదేశంలో కేంద్రం ఉందో లేదో, ఇంకా రోగులను చేర్చుకుంటున్నారో లేదో ముందు చూసుకుని, ఆ పేజీ ప్రింటు తీసి మీ డాక్టరు గారికి చూపించండి.

ఒక హెచ్చరిక ఉంది. ట్రయల్‌లో పరీక్షిస్తున్న మందుకు గానీ, ఆ ట్రయల్ కోసమే చేసే పరీక్షలకు గానీ మీ నుంచి డబ్బు అడిగితే అక్కడితో ఆగిపోయి, ఎథిక్స్ కమిటీకి ఫోన్ చేయండి. స్టెమ్ సెల్స్ పేరుతో లక్షలు వసూలు చేస్తూ ‘ట్రయల్’ అన్న మాటను అడ్డం పెట్టుకునే చోట్లకు, ఇక్కడ చెబుతున్న ట్రయల్స్‌కు సంబంధం లేదు.

మూడో మెట్టు: కాగితాలను ఇంటికి తెచ్చుకుని చదవండి

ఈ పని మీద మిగతా అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టండి. సమాచార పత్రం మీకు అర్థమయ్యే భాషలో ఉండాలి, అడిగితే తెలుగు ప్రతి ఇవ్వాలి. ఎథిక్స్ కమిటీ ఆమోదించిన తెలుగు ప్రతి మీద దాని వెర్షన్ సంఖ్య, తేదీ ఉంటాయి. అవి లేని కాగితాన్ని నమ్మకండి.

తెలుగులో ఉన్నంత మాత్రాన అర్థమవుతుందని చెప్పలేం. నేను కమిటీలో చేరిన కొత్తలో ఒక పత్రంలో “మీరు యాదృచ్ఛికీకరణ ద్వారా నియంత్రణ సమూహానికి కేటాయించబడవచ్చు” అన్న వాక్యం చూశాను. అదే పత్రాన్ని మా ఇంట్లో పనిచేసే, పదో తరగతి దాకా చదివిన అమ్మాయికి ఇచ్చి, ఏమర్థమైందో చెప్పమన్నాను. ఆ వాక్యం దగ్గర వేలు పెట్టి, “నన్ను కంట్రోల్‌లో పెడతారనా అన్నా?” అని అడిగింది. తర్వాతి సమావేశంలో మేము ఆ వాక్యాన్ని తీయించి, “మీకు కొత్త మందు ఇవ్వాలా, ఇప్పుడు అందరికీ ఇస్తున్న మందు ఇవ్వాలా అన్నది నాణెం ఎగరేసినట్లుగా కంప్యూటరు నిర్ణయిస్తుంది. మీరు గానీ, మీ డాక్టరు గానీ ఎంచుకోలేరు” అని రాయించాం. మీకిచ్చిన పత్రంలో అటువంటి కొరకరాని వాక్యాలు ఉంటే దాని అర్థం మీకు చదువు చాలదని కాదు, రాసినవారు వాళ్ల పని సరిగ్గా చేయలేదని. అటువంటి ప్రతి వాక్యం కింద పెన్సిలుతో గీత గీసుకుని, మర్నాడు అడగండి.

చదివేటప్పుడు మూడు మాటలు బాగా అర్థం చేసుకోవాలి. ఒకటి, ఇప్పుడు చెప్పిన నాణెం పద్ధతి. డాక్టర్లు తమకు నచ్చిన రోగులకే కొత్త మందు ఇస్తే పోలిక చెడిపోతుంది కనుక ఈ పద్ధతి అవసరమైంది. 1948లో బ్రిటన్‌లో ప్రచురితమైన స్ట్రెప్టోమైసిన్ ట్రయల్‌లో 107 మంది క్షయ రోగులను ఇలాగే విడదీశారు. ఆరు నెలల్లో మందు అందిన 55 మందిలో నలుగురు, విశ్రాంతి మాత్రమే ఇచ్చిన 52 మందిలో 14 మంది మరణించారు. మందు పనిచేస్తుందని ఆ తేడాతోనే తేలింది. రెండోది, ప్లాసిబో. చూడడానికి మందులాగే ఉండి, లోపల మందు లేని మాత్ర లేక ఇంజెక్షన్ అది. ‘నాకు ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చావనిస్తారా’ అన్న భయం సహజమే. మీ జబ్బుకు ఇప్పటికే మంచి వైద్యం ఉన్నప్పుడు దాన్ని ఆపి ప్లాసిబో ఇచ్చినందువల్ల హాని జరిగితే, చట్టం దాన్ని ట్రయల్ వల్ల జరిగిన హానిగానే లెక్కిస్తుంది. చాలా ట్రయల్స్‌లో మామూలు వైద్యం అందరికీ కొనసాగుతుంది, దానికి అదనంగా ఒక జట్టుకు కొత్త మందు, మరో జట్టుకు ప్లాసిబో చేరుస్తారు. మీ ట్రయల్‌లో ఏ పద్ధతి ఉందో పత్రంలో వెతికి పట్టుకోండి. మూడోది, గోప్యంగా ఉంచడం. మీకు ఏ మందు అందుతోందో మీకూ, చాలాసార్లు మీ డాక్టరు గారికీ తెలియదు. అయితే అత్యవసర పరిస్థితి వస్తే ఆ గుట్టు విప్పి చూసే ఏర్పాటు ఉండి తీరాలి.

ఆ తర్వాత మీ రోజువారీ జీవితానికి సంబంధించిన లెక్క వేయండి. ఎన్నిసార్లు ఆసుపత్రికి రావాలి, ఒక్కోసారి ఎంతసేపు ఉండాలి, ఎన్ని మిల్లీలీటర్ల రక్తం తీస్తారు, బయాప్సీ మళ్లీ చేస్తారా, గర్భం రాకుండా ఎంతకాలం జాగ్రత్త పడాలి, మీ రక్తం, కణజాలం నమూనాలను ఎన్నేళ్లు దాచుతారు, విదేశాలకు పంపుతారా అన్నవన్నీ పత్రంలోనే ఉంటాయి. ఒక క్యాలెండరు తీసుకుని రావలసిన తేదీల మీద గుర్తులు పెట్టండి. నాట్ల సమయంలో రెండు వారాలకొకసారి పట్నం రావడం కుదురుతుందా, తోడు ఎవరు వస్తారు అన్న ప్రశ్నలు వైద్య శాస్త్రానికి సంబంధించినవి కాకపోయినా, ట్రయల్స్ నుంచి రోగులు మధ్యలో తప్పుకోవడానికి నేను చూసినంతలో ఎక్కువ కారణం అవే.

నాలుగో మెట్టు: అడగవలసినవి అడగండి

ట్రయల్ నడుపుతున్న ప్రధాన పరిశోధకుడైన డాక్టరుతోనే మాట్లాడతామని చెప్పండి, కో-ఆర్డినేటర్ చెప్పినదానితో సరిపెట్టుకోకండి. నేనైతే ముందుగా ఒక ప్రశ్న అడుగుతాను: “డాక్టరు గారూ, నేను ట్రయల్‌లో చేరకపోతే నాకు మీరు ఏ వైద్యం చేస్తారు? దానితో నాలాంటి వాళ్లకు ఎలా ఉంటోంది?” దీనికి వచ్చే జవాబు పక్కన పెట్టుకుంటే తప్ప, ట్రయల్ లాభమో నష్టమో తూచలేం. ఆ తర్వాత ఈ మందు ఇప్పటివరకు ఎంతమందికి ఇచ్చారు, అందులో తీవ్రమైన ఇబ్బందులు ఎవరికైనా వచ్చాయా, నాకు మందు పడకపోతే ఏం చేస్తారు, దారి ఖర్చులు ఇస్తారా, రాత్రి రెండు గంటలకు ఒంట్లో బాగాలేకపోతే ఏ నంబరుకు ఫోన్ చేయాలి, ట్రయల్ అయిపోయాక ఈ మందు నాకు దొరుకుతుందా అన్నవి అడగండి. జవాబులు అక్కడికక్కడే ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. మీరు రాసుకుంటున్నారని తెలిస్తే చెప్పేవారు మరింత నిదానంగా, వివరంగా చెబుతారు.

వీలైతే ఆ ట్రయల్‌తో సంబంధం లేని మరొక డాక్టరుకు కాగితాలు చూపించండి. మీ ఊరి ఎంబీబీఎస్ డాక్టరు గారైనా సరే. ‘చేరను’ అన్నందుకు ఆసుపత్రిలో మీకు అందే మామూలు వైద్యం ఏమాత్రం తగ్గకూడదని నిబంధన ఉంది, ఆ మాట సమాచార పత్రంలో రాసి ఉండాలి కూడా.

ఐదో మెట్టు: సంతకం

సంతకం రోగిదే. ఇంట్లో పెద్దకొడుకు చదువుకున్నాడని అతను పెట్టడం, భార్య బదులు భర్త పెట్టడం చెల్లవు. రోగి స్పృహలో లేకపోయినా, స్వయంగా నిర్ణయించుకోలేని స్థితిలో ఉన్నా మాత్రమే చట్టబద్ధ ప్రతినిధి పెట్టవచ్చు. చదవడం రానివారికి పత్రం మొత్తం చదివి వినిపించాలి, ఆ సమయమంతా ట్రయల్‌తో సంబంధం లేని ఒక నిష్పాక్షిక సాక్షి పక్కనే ఉండి, తానూ సంతకం చేయాలి. వేలిముద్ర వేయించేసి, తర్వాత ఎవరి చేతనో సాక్షి సంతకం పెట్టించడం తప్పు. పిల్లల విషయంలో తల్లిదండ్రుల సమ్మతి చాలదు. 7 నుంచి 12 ఏళ్ల పిల్లల అంగీకారాన్ని మాటల్లోనూ, 12 నుంచి 18 ఏళ్ల వారి అంగీకారాన్ని రాతలోనూ తీసుకోవాలని వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి.

ఈ నియమాలను ఇంత గట్టిగా చెప్పడానికి మన దగ్గరే ఒక కారణం ఉంది. 2009లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలు వేలమందికి ఒక అధ్యయనంలో భాగంగా హెచ్‌పీవీ టీకాలు వేశారు. వాళ్లలో చాలామంది హాస్టళ్లలో ఉండి చదువుకుంటున్న పిల్లలు. 2010 ఏప్రిల్‌లో అధ్యయనం నిలిచిపోయింది. పరిశీలించిన 9,543 సమ్మతి పత్రాల్లో 2,763 పత్రాల మీద హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారని పార్లమెంటరీ స్థాయీ సంఘం 2013లో నమోదు చేసింది. ఆ కాలంలో జరిగిన కొందరి మరణాలకు టీకా కారణం కాదని విచారణలో తేలింది, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించడంలో ఆ టీకా సమర్థంగా పనిచేస్తుంది కూడా. కానీ కూతురికి ఏం వేస్తున్నారో తల్లికి చెప్పకపోవడం వల్ల, మంచి టీకా మీద కూడా ఆ ప్రాంతంలో అపనమ్మకం పాతుకుపోయింది. నాకు అది ఈనాటికీ బాధగానే ఉంటుంది.

అదే 2013 అక్టోబరులో సుప్రీంకోర్టు సమ్మతి ప్రక్రియను వీడియో తీయాలని ఆదేశించింది. 2019 మార్చి నుంచి అమల్లో ఉన్న ‘కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల’ ప్రకారం, పూర్తిగా కొత్త రసాయనంతో చేసే ట్రయల్స్‌లో తేలిగ్గా ఒత్తిడికి లొంగే స్థితిలో ఉన్న రోగుల సమ్మతిని దృశ్య, శ్రవణ రూపంలో రికార్డు చేయాలి. హెచ్ఐవీ, కుష్ఠు మందుల ట్రయల్స్‌లో రోగి ముఖం బయటపడకుండా ఆడియో మాత్రమే తీస్తారు. కెమెరా ముందు కూర్చోబెట్టారని భయపడకండి. అది మీ రక్షణ కోసమే, మీ సందేహాలను ఆ కెమెరా ముందే అడగండి.

సమ్మతి పత్రంలో మీ వృత్తి, వార్షికాదాయం, నామినీ పేరు అడుగుతారు. ఆదాయం ఎందుకని చాలామంది ఖాళీ వదిలేస్తారు, నామినీ పేరు రాయడం అపశకునమనుకుంటారు. దయచేసి రెండూ పూర్తిగా రాయండి, ఏదైనా జరిగితే కుటుంబానికి అవి అవసరమవుతాయి. ప్రతి సంతకం కింద తేదీని మీ చేతితోనే వేయండి. సంతకాలు పూర్తయిన పత్రం ప్రతిని, సమాచార పత్రాన్ని తీసుకోకుండా ఆ గదిలోంచి బయటకు రాకండి.

ఆరో మెట్టు: ట్రయల్ నడుస్తున్నప్పుడు

మీకు ఇచ్చే గుర్తింపు కార్డును ఆధార్ కార్డు పక్కనే పర్సులో పెట్టుకోండి. వేరే ఊళ్లో యాక్సిడెంటయి వేరే ఆసుపత్రికి తీసుకువెళ్లినా, మీరు ట్రయల్‌లో ఉన్నారని అక్కడి డాక్టరుకు తెలియాలి. వాడిన మాత్రల ఖాళీ షీట్లను కూడా పారేయకుండా తీసుకువెళ్లండి, వాటిని లెక్కపెట్టి రాసుకుంటారు. రెండు రోజులు మాత్ర మరచిపోతే మరచిపోయానని చెప్పండి. డాక్టరు గారు కోప్పడతారని అబద్ధం చెబితే, ఆ అబద్ధం రేపు వేలమంది వాడబోయే మందు లెక్కలోకి చేరుతుంది. అదేవిధంగా కాళ్ల నొప్పులకు మెడికల్ షాపులో కొన్న మాత్రలు, ఆయుర్వేద చూర్ణం, ఊళ్లో ఇచ్చిన పసరు మందు ఏది వాడినా దాచకండి.

ఒంట్లో ఏ కొత్త ఇబ్బంది వచ్చినా, అది మందు వల్ల కాదని మీకు అనిపించినా సరే, చెప్పండి. ఆసుపత్రిలో చేర్చవలసినంత తీవ్రమైన సంఘటన ఏది జరిగినా, డాక్టరు దాన్ని 24 గంటల్లో స్పాన్సర్‌కు (అంటే ట్రయల్‌ను చేయిస్తున్న కంపెనీకి లేదా సంస్థకు), ఎథిక్స్ కమిటీకి, కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థకు తెలియజేయాలి. ట్రయల్ మధ్యలో ఆ మందు గురించి కొత్త ప్రమాదం ఏదైనా బయటపడితే మీకు చెప్పి, మళ్లీ సమ్మతి తీసుకోవాలి.

ఎప్పుడు కావాలన్నా, ఏ కారణమూ చెప్పకుండా తప్పుకునే హక్కు మీకుంది. అయితే కొన్ని మందులను ఒక్కసారిగా ఆపితే ప్రమాదం కనుక, ఫోన్ ఎత్తడం మానేసి మాయమైపోకుండా, తప్పుకుంటున్నానని చెప్పి, మందు ఎలా ఆపాలో అడిగి తెలుసుకుని ఆపండి.

హాని జరిగితే

వైద్యం, నష్టపరిహారం రెండూ వేర్వేరు. ట్రయల్‌లో ఉన్న మనిషికి ఏ హాని జరిగినా, అది ట్రయల్ వల్ల జరిగింది కాదని తేలేంత వరకు, లేదా అవసరమైనంత కాలం, ఉచితంగా వైద్యం చేయించాలి. ట్రయల్ వల్లే జరిగిందని తేలితే ఆపైన నష్టపరిహారం ఇవ్వాలి. మందు దుష్ప్రభావం ఒక్కటే ఇందులోకి రాదు. ప్రోటోకాల్ తప్పడం, నిర్లక్ష్యం, ట్రయల్ కోసం చేసిన పరీక్ష వల్ల కలిగిన గాయం, కడుపులోని బిడ్డకు జరిగిన హాని కూడా వస్తాయి.

మరణం సంభవిస్తే ఎంత ఇవ్వాలో నిబంధనల్లో సూత్రం ఉంది. 8 లక్షల రూపాయల మూల మొత్తాన్ని వయసును బట్టి వచ్చే అంకెతో, జబ్బు తీవ్రతను బట్టి వచ్చే అంకెతో గుణించి, 99.37తో భాగిస్తారు. వయసు అంకె 16 ఏళ్లు, అంతకంటే తక్కువ వయసువారికి 228.54, 40 ఏళ్లకు 184.17, 65, అంతకంటే ఎక్కువైతే 99.37. జబ్బు అంకె, ఆరు నెలలకు మించి బతకరనుకునే రోగికి 0.5 నుంచి పూర్తి ఆరోగ్యవంతుడికి 4 దాకా ఉంటుంది. ఈ లెక్కన 65 దాటిన ఆరోగ్యవంతుడైన వాలంటీరుకు 32 లక్షలు, అదే వయసులో చివరి దశ రోగికి 4 లక్షలు వస్తాయి. 40 ఏళ్ల వయసులో, జబ్బు అంకె 2 ఉన్న రోగికి సుమారు 29 లక్షల 65 వేలు వస్తుంది. నూటికి నూరు శాతం శాశ్వత వైకల్యం కలిగితే మరణానికి ఇచ్చే మొత్తంలో 90 శాతం ఇవ్వాలి. నియంత్రణ సంస్థ ఆదేశం అందిన 30 రోజుల్లో స్పాన్సర్ చెల్లించాలి. కుటుంబం వెంటనే చేయవలసిన పని ఒక్కటే: సమాచార పత్రంలో ఉన్న ఎథిక్స్ కమిటీ కార్యదర్శి చిరునామాకు, జరిగినదంతా తేదీలతో సహా తెలుగులోనే రాసి, రిజిస్టర్డ్ పోస్టులో పంపి, రసీదు దాచుకోవడం. ఆ కమిటీలో కనీసం సగం మంది సభ్యులు ఆసుపత్రికి సంబంధం లేనివారై ఉండాలి, అధ్యక్షులు కూడా బయటివారే అయి ఉండాలి. మీ ఉత్తరం వాళ్ల ముందుకు వస్తుంది.

ఆరోగ్యవంతులైన యువకులకు ఒక మాట. జనరిక్ మందు అసలు కంపెనీ మందులాగే ఒంట్లోకి చేరుతోందా అని చూసే బయో ఈక్వివలెన్స్ అధ్యయనాలకు హైదరాబాద్ పెద్ద కేంద్రం. రెండు మూడు రోజులు అక్కడే ఉంచి, రక్తం తీసి, డబ్బు ఇస్తారు. అప్పులు తీర్చుకోవాలని ఒక చోట నుంచి మరో చోటికి, పేరు మార్చుకుని మరీ వెళ్లే కుర్రవాళ్లున్నారు. ఒక అధ్యయనానికీ మరొకదానికీ మధ్య చెప్పిన విరామాన్ని దాటవేయకండి. రెండు మందులు ఒంట్లో కలిస్తే ఏమవుతుందో ఎవరూ పరీక్షించి ఉండరు.

చివరి మెట్టు: ట్రయల్ ముగిశాక

మందు మీకు బాగా పనిచేస్తూ ఉండి, దానికి ప్రత్యామ్నాయం లేకపోతే, పరిశోధకుడైన డాక్టరు సిఫారసు మీద, ఎథిక్స్ కమిటీ ఆమోదంతో, మీ రాతపూర్వక అంగీకారంతో స్పాన్సర్ ఆ మందును ఉచితంగా కొనసాగించే వెసులుబాటు 2019 నిబంధనల్లో ఉంది. ఆఖరి విజిట్ దాకా ఆగకుండా రెండు నెలల ముందే డాక్టరు గారిని అడగండి, ఎందుకంటే కమిటీ సమావేశమై, కాగితాలు కదలడానికి సమయం పడుతుంది.

మీకు అందినది ఏ మందో, ఫలితం ఏమైందో తెలుసుకోవాలని ఉందని కూడా అప్పుడే చెప్పి, మీ ఫోన్ నంబరు రాసి ఇవ్వండి. ట్రయల్ అంతా ముగిసి, గుట్టు విప్పే దాకా ఏ మందో చెప్పరు, దానికి కొన్ని నెలలు, ఒక్కోసారి సంవత్సరాలు పట్టవచ్చు. రిజిస్ట్రీలో మీరు మొదట వెతికిన అదే నంబరుతో అప్పుడప్పుడూ చూస్తూ ఉంటే ట్రయల్ ఎంతవరకు వచ్చిందో తెలుస్తుంది.

ఆ నల్లగొండ పెద్దాయన ఆ రోజు సంతకం పెట్టలేదు. కాగితాలు సంచిలో పెట్టుకుని ఊరికి వెళ్లి, తొమ్మిదో రోజున కొడుకుతో తిరిగొచ్చాడు. 24 పేజీల్లో పదకొండు చోట్ల పెన్సిలు గీతలున్నాయి. డాక్టరు గారు ఒక్కొక్కటీ చదివి చెబుతుంటే గంటా పది నిమిషాలు పట్టింది, ఆ తర్వాతే ఆయన కళ్లజోడు సవరించుకుని, తేదీ ముందు వేసి, సంతకం పెట్టాడు.